సలాం కొట్టని మోతి

మన పార్కు గేటుకు కాలనీ అధ్యక్షుడు నిన్న బోర్డు కొట్టించాడు: ‘కుక్కలతో ఆటలు నిషేధం’. "కుక్క చెప్పిన మాట వింటే సాలదా? ఆటలెందుకు?" అన్నాడు.

అరవై ఏళ్ల కిందట కేతేపల్లిలో మా బాపు మాట అచ్చం ఇదే! గొర్ల కాపలాకు పెంచిన మోతికి కట్టె చూపించి ‘ఆగు’, ‘కూసో’ మాత్రమే నేర్పాడు. దొరల దౌర్జన్యం మీద వచ్చిన కరపత్రాలు కూడబలుక్కుని చదివి ఉడికిపోయే వయసు నాది. జొన్నరొట్టె ముక్కలు పెడుతూ మోతికి ముందుకాలు చాపడం నేర్పాను.

"దొరకు కొట్టినట్టే సలాం కొడ్తాందిరా!" అని అవ్వ నవ్వింది.

నాకు మండింది. "సలాం గాదవ్వా, చెయ్యి గలుపుతాంది!"

వానకు తడిసిన గొంగడి వాసన గుర్తుందా మీకు? అలాంటి ముసురులో మోతి ముందుకాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. బాపు దగ్గరికి పోతే పళ్లు చూపింది. ‘ఆగు’ అని అరిస్తే ఇంకా గుర్రుమంది.

"గిట్లయితే ఇది దక్కదు" అన్నాడు బాపు.

నేను చెయ్యి చాపాను. "చెయ్యి గలుపు మోతీ!"

వాచిన కాలే తెచ్చి నా అరచేతిలో పెట్టింది! బాపు ముల్లు లాగేదాకా కదల్లేదు.

మర్నాడు ఎవరూ చూడట్లేదనుకుని బాపే మోతి ముందు చెయ్యి చాపాడు.

రేపు పొద్దున ఆరు గంటలకు మీ కుక్కలతో పార్కు గేటు దగ్గరికి రండి. అధ్యక్షుడు కూడా చెయ్యి చాపేదాకా కదిలేది లేదు!