వసంతక్క వేసిన అతుకు

ఇవాళ పొద్దున పుట్టీ కలుపుతుంటే దాని ఘాటు ముక్కుకు తగిలింది. అంతే, ఇక పని సాగలేదు. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చివరికి మనసు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో, వసంతక్క గదిలోనే తేలింది. కాలేజీలకు ఇనుప కట్టడాల చిన్న మోడళ్ళు చేసిచ్చేది ఆవిడ. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఎప్పుడు చూసినా కాలు కాలిన పిల్లిలా తిరిగేది. సగం అంటించి బయటికి పోతుంది, తిరిగొచ్చి అంటించిందంతా గీకేస్తుంది. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏడు, ఆ ఊరి గనిలోకి దిగే బావి, అదే షాఫ్టు, దాని మీది ఇనుప గోపురానికి మోడల్ చేస్తున్నాం. అసలు గోపురానికి ఒకప్పుడు కాలు చీలితే, పైకెక్కి వెల్డింగ్ చేసి అతికించింది అక్క తండ్రి మునియప్పే. ఇప్పుడాయనకు చూపు లేదు. గని మూసేసి చుట్టూ కంచె వేశారు. మోడల్ మరునాడే కాలేజీకి పోవాలి. ఈలోపు నాయన తన అతుకును ఒక్కసారి తడిమి గుర్తుపట్టాలని అక్క పట్టు.

సన్నని పుట్టీ తీగను మోడల్ గోపురం కాలి మీద పరిచి, తడి సూదితో దగ్గర దగ్గరగా నొక్కుతూ పోయాను. వెల్డింగ్ అతుకు మీద ఉండే అలలన్నీ సమానంగా వచ్చాయి. నా పని నాకే ముద్దొచ్చింది.

“ఏమప్పా, మిషన్ మీద కుట్టినావా?” అంది అక్క.

“బాగాలేదా అక్కా?”

“బాగుండాది. ఇంగ అదే తప్పు. మనిషి యాడ ఆగినాడు? చేతిలో వెల్డింగ్ రాడ్ కరిగి అయిపోదా?”

గీకేసి తనే మొదలుపెట్టింది. సగంలో ఆపి, చిన్న గుంట వదిలి, కాస్త పక్కకు జరిగి మళ్ళీ అందుకుంది.

“మోడల్ స్కేలుకు లావైందక్కా.”

“మా నాయన వేళ్ళకు స్కేలు తెల్దు.”

సాయంత్రం ఆయన్ని ఆటోలో తీసుకొచ్చింది. మునియప్ప వేలు ఆ కాలి వెంట పాకి, అతుకు దాటిపోయింది. అక్క కొంగు కొరుకుతూ గడపకూ బల్లకూ మధ్య తిరుగుతోంది. వేలు వెనక్కి వచ్చింది. గుంట దగ్గర ఆగింది.

“ఈడ రాడ్ అయిపోయినాది,” అన్నాడు. వేలు అక్కడే ఉంచి, రెండో చేయి పక్కకు చాపాడు. “ఇంగోటి ఇయ్యప్పా.”

అక్క ఆ చేతిలో తన చేయి పెట్టింది. ఆయన వదల్లేదు. ఆవిడ ఒకచోట అంతసేపు నిలబడటం నేను చూసింది అప్పుడే.

ఆ ఇద్దరూ కాలం చేశారు. ఇప్పుడు ఏ అతుకు వేసినా సగంలో నా చేయి ఆగిపోతుంది. గోపురం మీద అంత ఎత్తున ఒక మనిషి రాడ్ కోసం చేయి చాపి ఎదురుచూస్తున్నాడనిపిస్తుంది. ప్రాణం ఊరుకోదు, తొందర తొందరగా మిగతా సగం మొదలుపెడతాను.