హాలియాలో నేను చేసిన కంప్యూటర్ పూజ

దసరా నాడు పాలపిట్ట కనబడితే మంచి జరుగుతుందంటారు. ఆ ఏడు నాకు పొద్దున్నే కనబడింది కూడా. అయినా పండుగ వెళ్లి నెల తిరగకముందే నేను ఒక కంప్యూటర్‌ను దాదాపు చంపి, ఒక ఆడపిల్ల చదువును దాదాపు ముంచి, మా అక్క చేతిలో దాదాపు చచ్చాను. మూడింటిలో ఒక్కటీ పూర్తి కాలేదంటే అది మా అక్క చలవే. కాబట్టి నన్ను చూసి నవ్వండి, ఆమెకు మాత్రం దండం పెట్టండి.

మా భాగ్యక్కకు హాలియా మెయిన్ రోడ్డు మీద ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్సులు, ఫొటోలు, హాల్‌టికెట్లు, దరఖాస్తులు అన్నీ అక్కడే. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. అక్క ఆజ్ఞ లేనిదే ఆ షాపులో ఫ్యానైనా తిరగదు. నేను బీటెక్ చేసి, ఉద్యోగం దొరికేదాకా అని ఆమె దగ్గర చేరాను. కంప్యూటర్ బీటెక్ అనుకునేరు, నాది సివిల్. కానీ వచ్చినవాళ్లంతా "ఇంజనీరు సారు" అని పిలుస్తుంటే సరిదిద్దడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఇక పూజ సంగతి. దసరాకు మా దగ్గర పనిముట్టు ఏదున్నా దానికి పూజ చేయాల్సిందే. ట్రాక్టరుకు, కుట్టుమిషనుకు, చివరికి కత్తెరకు కూడా బొట్టు పడాల్సిందే. అక్క ఇంట్లో వంటపనిలో ఉండి, షాపు పూజ నాకు అప్పగించింది. నాకేమో భక్తి పొంగుకొచ్చింది. కంప్యూటర్ డబ్బాకు పసుపు రాసి, గంధం కలిపి, జమ్మి ఆకు గుచ్చాను. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తే, డబ్బా నుదుటి మీద గుండ్రంగా, చక్కగా, ఆ దేవుడే చోటు చూపించినట్టు ఒక బటన్ కనిపించింది. ఆన్ చేసే బటన్. దాని మీద నిండుగా కుంకుమ దిద్ది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పైన చల్లాను. అబ్బ, ఎంత కళ వచ్చిందో! పెళ్లికొడుకులా ఉంది.

ఆ మర్నాటి నుంచే దానికి రోగం మొదలైంది. ఒకరోజు నొక్కగానే లేస్తుంది. ఒకరోజు "ఉష్" అని ఊపిరి పీల్చి, నాలుగు లెక్కపెట్టేలోపే ఆగిపోతుంది. ఇంకోరోజు అసలు ఉలకదు, పలకదు.

"వోల్టేజి తక్కువుంది అక్కా. గా రైసు మిల్లు మోటరు ఏసిన్రంటే గింతే," అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

"మిల్లు ఆదివారం బంద్ ఉంటదిరా. నిన్న ఆదివారమే, నిన్న గూడ ఆన్ కాలే," అంది అక్క. ఆమెతో వచ్చిన చిక్కే అది, అన్నీ గుర్తుంటాయి.

ఇక నేను రహస్యంగా నా వైద్యం మొదలుపెట్టాను. మొరాయించినప్పుడల్లా పాత బొట్టు మీద కొత్త బొట్టు, నాలుగు చుక్కల కొబ్బరినీళ్లు. విచిత్రం చూడండి, మధ్యాహ్నానికల్లా అది లేచి కూర్చునేది! తడి ఆరి బటన్ కాస్త సడలుతోందని నాకేం తెలుసు? పూజాఫలం వెంటనే దక్కదు, కొంత సమయం పడుతుంది అనుకున్నాను. నా మీద నాకే గౌరవం పెరిగింది.

అసలు కథ నర్సింగ్ సీట్ల చివరి విడత రోజు జరిగింది. ఊరవతల గొర్లు కాసుకునే లింగమ్మ, తన బిడ్డ స్వప్నను తీసుకొని వచ్చింది. ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకొని సాయంత్రం ఐదులోపు పంపాలి, లేకపోతే ఆ ఏటికి సీటు లేనట్టే. ముందురోజే స్వప్న సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి మా కంప్యూటర్‌లో పెట్టాం. అసలు కాగితాలు స్కూల్లో ఏదో పనికి ఇచ్చేసి వచ్చింది. అంటే ఆ పిల్ల బతుకంతా ఆ డబ్బాలో ఉంది. డబ్బా లేవడం లేదు. అక్క ఇంకు కోసం నల్లగొండ పోయింది.

ఫోన్ చేశాను.

"అక్కా, డబ్బ ఆన్ అయితలేదు."

"ప్లగ్గు మంచిగ పెట్టినవా?"

"పెట్టిన." చూడలేదు. ఇంజనీరు ప్లగ్గు చూస్తాడా?

"ఇగో, నేను బస్సెక్కుతున్న. నేనొచ్చేదాంక దాన్ని ముట్టకు. చెప్తున్న, ముట్టకు!"

ముట్టొద్దంది గానీ మొక్కొద్దనలేదు కదా! ఈ తెలివితేటలతోనే నేను సివిల్ పాసయ్యాను. ప్రత్యేక పూజకు దిగాను. ఈసారి ఏ లోటూ ఉండొద్దని కుంకుమలో కొబ్బరినీళ్లు పోసి, ముద్ద చేసి, బటన్ అంచుల సందుల్లోకి దిగేలా బొటనవేలితో మెత్తాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎవడో. వాడు నాకు దగ్గరి చుట్టమే అయివుంటాడు.

లింగమ్మ నా వెనకే నిలబడి చేతులు జోడించింది. "మల్లన్నా, నా బిడ్డ సీటు పంపియ్యి, నీకు గొర్రెపిల్లను ఇస్త," అని మొక్కింది. పాపం, ఆ మందలో ఏ గొర్రెపిల్ల ప్రాణం మీదికి తెచ్చానో!

స్వప్న మాత్రం మొక్కలేదు. "అన్నా, పక్క షాపుకు పోదామా?" అంది భయం భయంగా.

"కాగితాలన్ని గీ డబ్బలనే ఉన్నయి గద చెల్లె! ఫికర్ చెయ్యకు. పొద్దుమీకి తప్పకుండ లేస్తది," అన్నాను. సాయంత్రానికే గడువు ముగుస్తుందన్న సంగతి అన్నాక తట్టింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు నా ఇంజనీరింగ్, నా భక్తి రెండూ కలిసి గడపలోకి వచ్చి అక్క బస్సు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాయి.

నాలుగు దాటాక అక్క బస్సు దిగి పరుగున వచ్చింది. మామూలుగా ఆమె గడపలోనే నన్ను తిట్టడం మొదలుపెడుతుంది. ఆ రోజు తిట్టలేదు. సంచి కింద పెట్టి, స్వప్న ముఖం చూసి, "ఏడ్వకు బిడ్డ, ఇంక టైమున్నది," అని కొంగు బిగించింది. ఎంత గొప్ప మనిషండీ! నేనైతే ఆ పిల్లకంటే ముందే ఏడ్చేవాణ్ని.

ముందు తన ఫోన్ చార్జరును ఆ సాకెట్‌లోనే పెట్టి చూసింది. "కరెంటు ఉన్నది." డబ్బా వైరు తీసి, ప్రింటరు వైరు తగిలించింది. నన్ను బటన్ నొక్కమని, తాను డబ్బాకు చెవి ఆనించింది. డబ్బా "ఉష్" అంది, ఆగింది.

"కరెంటు వస్తాంది. ఫ్యాన్ తిరుగుతాంది. మళ్ల ఆగిపోతాంది. డబ్బకు ఏం రోగం లేదు. ఎవలో దీన్ని ఆపుతున్నరు."

"ఎవలక్కా?" నాకు ఎదురు షాపువాడి దిష్టి గుర్తొచ్చింది.

అక్క బటన్ మీద గోరుతో గీరింది. ఎర్రటి పెళ్ల ఊడి కింద పడింది. దాని కింద ఇంకో పొర, దాని కింద పసుపు, దాని కింద గంధం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, మేము బొట్టును తవ్వి బటన్‌ను పట్టాం.

"ఇదేందిరా?"

"పూజ..."

"ఎన్నిసార్లు చేసినవ్?"

"ఎప్పుడు ఆన్ కాకుంటె అప్పుడు."

"ఓరి నీ భక్తి మండ! బటన్ లోపల్నే ఇరికింది చూడు. అట్ల నొక్కిపట్టుకుంటే నడిచే కంప్యూటర్ గూడ బంద్ అయితదిరా. నువ్వు బొట్టు పెట్టుడు, అది ఆగుడు. అది ఆగుడు, నువ్వు బొట్టు పెట్టుడు!"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఏకంగా గుడికే తాళం వేశాడు.

ఎంత గీరినా బటన్ బయటికి రాలేదు. గడియారం మాత్రం ఆగడం లేదు. అక్క ప్లగ్గు పీకి, డబ్బా పక్క రేకు విప్పి లోపలికి తొంగిచూసింది.

"ఈ పక్కన రీస్టార్ట్ బటన్ ఉన్నది గద, దానికి బొట్టు పెట్టలేదా?"

"అది మరీ చిన్నగున్నదక్కా, బొట్టు ఆగలే."

"దేవుడున్నడురా," అంది అక్క. ఆన్ బటన్ నుంచి వచ్చే సన్న వైరును పీకేసి, రీస్టార్ట్ బటన్ వైరును దాని చోట గుచ్చింది. ప్లగ్గు పెట్టి, ఆ చిన్న బటన్ నొక్కింది. డబ్బా గుర్రుమంది. ఆగలేదు! తెర వెలిగింది. ఎవరూ నేర్పని ఆ ఉపాయం ఆ క్షణంలో ఆమెకెలా తట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అక్క వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. సైటు తిరిగింది, తిరిగింది, మా ప్రాణాలన్నీ దానితో పాటు తిరిగాయి. ఐదు కొట్టడానికి కొంచెం ముందు "మీ ఎంపికలు నమోదయ్యాయి" అని పడింది. స్వప్న ఒక్క ఎగురు ఎగిరింది. లింగమ్మ అక్కను వాటేసుకొని, నా కుంకుమ గిన్నె అందుకొని డబ్బా వైపు కదిలింది.

"ఆగు వదినే!" అని అక్క అడ్డం నిలబడింది. "బొట్టు నాకు పెట్టు, దానికొద్దు!"

స్వప్నకు సీటు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు నాకు జ్వరమొస్తే దవాఖానకు పోయాను. సూది పట్టుకొని వచ్చిన నర్సు నన్ను చూసి టక్కున ఆగింది. స్వప్నే!

"అన్నా, నిజం చెప్పు. గోలీలు ఏసుకున్నవా, మొక్కుకుంట కూసున్నవా?"

వార్డంతా వినబడేలా అడిగింది. పక్క మంచాలవాళ్లంతా తిరిగి చూశారు. సూది నొప్పి దాని ముందు ఏపాటిది!

ఆ సాయంత్రమే అక్క ముందు నిలబడి, చెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ యంత్రం ఆగినా ముందు ప్లగ్గు చూస్తాను, తర్వాత బటన్ చూస్తాను, ఆ తర్వాత అక్కకు ఫోన్ చేస్తాను. దేవుణ్ని మాత్రం ఇలాంటి చిన్న పనులకు పిలవను. అక్క అంతా శ్రద్ధగా విని, "మంచిగ చెప్పినవ్ తమ్మీ," అని మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే పసుపు కుంకుమల డబ్బా తీసి అలమారాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడేసుకుంది.