అత్త కమ్మలు, కోతి బుగ్గ

పోలీసు చర్యకు ముందటి ఆ వానాకాలంలో మా మెదకు ఆడవాళ్ల బంగారం ఒంటి మీద ఉండేది కాదు, పప్పు కుండలోనో పరుపు దూదిలోనో ఉండేది. దోపిడీ దండు ఎప్పుడు వచ్చి పడుతుందో తెలియదు మరి. మా మేనత్త ఇంకా తెలివైనది. తన కమ్మలు రెండూ జొన్నపిండిలో పెట్టి, మందంగా చిన్న రొట్టె కాల్చి, సద్దిమూట అడుగున దాచి, నన్ను వెంటబెట్టుకుని మంజీర అవతలి చుట్టాల ఊరికి బయలుదేరింది. గుట్టు నాకు చెప్పలేదు (నా నోటి సంగతి ఆమెకు బాగా తెలుసు). "అడుగు రొట్టె ముట్టకు" అన్నది, అంతే. ఎందుకని అడిగితే కసిరింది. కారణం చెప్పని హుకుం పాటించడం పదకొండేళ్లప్పుడే నా వల్ల అయ్యేది కాదు.

మేమెక్కిన పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, అడవి ఒడ్డు వెంట పోతుంటే, నీళ్ల మీదికి వంగిన మద్దికొమ్మల నిండా కోతులే. ఒకటి వాన నీళ్లు దులుపుకుంటోంది, ఇంకొకటి పిల్లకు పేలు చూస్తోంది. అత్త కునుకుతోంది. నేను అడుగు రొట్టె తీసి కింది కొమ్మ మీది ముసలి కోతికి అందించాను. అది రెండు తుంపుల్లో మొత్తం నోట్లో కుక్కుకుంది. అప్పుడే అత్తకు మెలకువ వచ్చింది.

"పోరీ, గది అడుగు రొట్టెనా?"

"ఔ. ఇంక మూడున్నయి గద."

"నా కమ్మలు గా రొట్టెలనే పెట్టి కాల్చిన. మా అమ్మ పోయేముందు తన చెవులకెల్లి తీసిచ్చినయి" అంటూ అత్త కూలబడింది.

తప్పు నాదే, అయినా నా నోరు ఊరుకోదు కదా, "మింగేసింది, ఇగ రావు" అన్నాను.

పుట్టి నడిపే తాత తెడ్డు ఆపాడు. "మింగలే బిడ్డా, బుగ్గల దాసుకున్నది. జర సేపైనంక నములుతది. పంటికి గట్టిగ తగిల్తే ఉమ్ముతది."

"బుగ్గల సంచి ఉంటదా? మా బడి పుస్తకంల గట్ల లేదు."

"నీ పుస్తకం కోతి సదివిందా?"

తాత తలరుమాలు విప్పి, ఒక అంచు అత్తకిచ్చి, కోతి కింద పరిచి పట్టుకున్నాడు. పుట్టి కొట్టుకుపోకుండా నేను కొమ్మ పట్టుకున్నాను. "నములు తల్లీ, నిమ్మలంగ నములు" అని అత్త ఏడుస్తూనే కోతిని బతిమాలుతోంది. నేను మాత్రం, నా మాట తప్పు కావాలని బుద్ధి తెలిశాక మొదటిసారి దేవుడికి మొక్కుకుంటున్నాను.

చాలాసేపటికి కోతి ముంజేత్తో బుగ్గ నొక్కుకుంది, నమిలింది, మొహం చిట్లించింది. ఒక కమ్మ రుమాల్లో పడింది. ఇంకాసేపటికి రెండోది, పంటిగాటుతో సహా.

"ఏమంటవు బిడ్డా?" అన్నాడు తాత.

మింగలేదని ఒప్పుకున్నాను. ఎంత మంచి పిల్లనో అప్పట్లో. ఇప్పటి నేనైతే ఆ కమ్మను చేతిలో పట్టుకుని కూడా కోతి మింగేసిందనే వాదిస్తాను.