షోరూం బండిలోని పంపు

కారులో కప్పు పెట్టుకోవడానికని గేరు పక్కన ఒక గుంట ఇస్తారు. మన హోటలు టీ గ్లాసు అందులో పెడితే అడుక్కి జారిపోతుంది, వేళ్ళకు అందదు. దీని గురించి కంపెనీకి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ కృతజ్ఞతలు చెప్పారు.

అది 2001. అనంతపురంలో ఒక విదేశీ కార్ల కంపెనీ డీలరు దగ్గర నేను వర్క్స్ మేనేజర్ని. అంటే, ముందు అద్దాల గదిలో బండ్లు అమ్మేవాళ్ళిచ్చిన మాటలకు వెనక షెడ్డులో సమాధానం చెప్పుకునేవాణ్ణి. తూర్పు దేశాల ఆర్థిక సంక్షోభంలో మా కంపెనీ కూలింది. దొరికిన చోటల్లా అప్పు తెచ్చి, కనబడిన దేశంలోనల్లా ఫ్యాక్టరీలు కట్టిన పెద్దమనుషులు వాళ్ళు. అక్కడ వాళ్ళు చేతులెత్తేస్తే ఇక్కడ మాకు మొదట విడిభాగాలు ఆగాయి. ఆ తర్వాత ఫోను ఎత్తే మనుషులు ఆగారు. గోడకు అంటించే రంగుల పోస్టర్లు మాత్రం నెలనెలా సమయానికే వచ్చేవి.

ఓబులేసుది కొత్తచెరువు. వేరుశనగ చేను అమ్మి మా కారు కొన్నాడు. ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారుకు బాడుగకు తిప్పేవాడు. ఒకరోజు దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. ఫ్యూయల్ పంపు పోయింది. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు తోసే చిన్న మోటారు అది. అది లేని కారు కూర్చోడానికి బాగుంటుంది. నేను వి.ఓ.ఆర్. ఆర్డరు పెట్టాను. బండి కదల్లేక పడి ఉంది, అన్నిటికన్నా ముందు దీనికి పంపండి అని చెప్పే అత్యవసర ఆర్డరు. నెల దాటింది. అత్యవసరం అలాగే ఉంది.

"ఏమప్పా సారూ, పంపు వచ్చినాదా?"

"ఓడలో వస్తోందట."

"ఓడలోనా? అనంతపురానికా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"షావుకారు తేల్చి చెప్పేసినాడు సార్. వచ్చేది పెండ్లిండ్ల కాలం, ఆయప్పకు చీరలు బెంగుళూరు పోవల్ల. ఆయుధపూజ లోపల నా బండి తిరక్కుంటే ఇంకో బండి పెట్టుకుంటాడంట. చేను ఎట్లా లేదు. ఇంక ఇది గూడా ల్యాకపోతే నేనేం తినల్ల?" అద్దాల గది వైపు చూశాడు. "ఆడుండే బండిలో పంపు లేదా సార్?"

"ఉంది."

"అది యాడికన్నా పోతాదా?"

"ఎక్కడికీ పోదు."

"మరి దానికెందుకు సార్ పంపు?"

ఇంజనీరింగు చదివినవాణ్ణి. ఆ ప్రశ్నను పైకి పంపాను. కంపెనీలో ఇంకా ఫోను ఎత్తుతున్న ఏరియా మేనేజరుకు చేశాను. షోరూం బండి కంపెనీ ముఖమనీ, దాని మీద చెయ్యి వేయరాదనీ, కస్టమరుకు 'సరఫరాలో తాత్కాలిక జాప్యం' అని చెబితే చాలనీ సెలవిచ్చారు. చల్లటి గదిలోంచి మాట్లాడుతున్నారని ఫోనులోనే తెలుస్తోంది. ఆ జాప్యాన్ని ఆయన ఒక్కపూట తిని చూస్తే బాగుండునని నాకు చాలా మర్యాదగా అనిపించింది.

ఆయుధపూజ ముందురోజు, ఈ సంగతంతా తెలిసిన మా డీలరు నా దగ్గరికి వచ్చాడు. ఆయన అన్నది ఒకటే మాట: "నేను అన్నానికి పోతాండా. నిదానంగా వస్తా."

ఆయన తిరిగొచ్చేసరికి షోరూం బండి వెనకసీటు కింది పంపు ఓబులేసు బండిలో ఉంది. బిల్లు వేశాను, డబ్బు కౌంటర్లో కట్టించాను. కారు కొంటామని సలహాకు వచ్చేవాళ్ళతో ఆ తర్వాత నేను ఇంజను గురించి మాట్లాడటం మానేశాను. ముందు వెనక షెడ్డుకు పోయి విడిభాగాల అరలు చూడమంటాను. అవి ఖాళీగా ఉంటే, ముందుగదిలో ఎంత చల్లగా ఉన్నా బయటికి నడవమంటాను. ఈ కేసు నాకు నేర్పింది అదే.

మా వైపు ఆయుధపూజ నాడు బండ్లన్నీ షెడ్డుకు వస్తాయి. టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. బండి తన ఇంజనుతోనే వాటిని తొక్కాలి, తొయ్యకూడదు. ఆ ఏడు ఏరియా మేనేజరు కూడా దయచేశారు, కొత్త పోస్టరుతో సహా. షోరూం బండికి పూలదండ వేశారు. గుమ్మడికాయ కొట్టారు. ఆయనే స్వయంగా కూర్చుని తాళంచెవి తిప్పారు. బండి దగ్గింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ దగ్గింది.

"ఏమైంది దీనికి?"

"పంపు లేదు సార్. సరఫరాలో తాత్కాలిక జాప్యం."

ఆయన ముఖం ఎర్రబడింది. చివరికి మెకానిక్కులందరం కలిసి కంపెనీ ముఖాన్ని నిమ్మకాయల మీదికి తోశాం. పంపు ఎక్కడికి పోయిందో ఆయన బిల్లు చూసి కనుక్కున్నారు. ఓబులేసు అక్కడే ఉన్నాడు. అతని బండి అప్పుడే నిమ్మకాయలు తొక్కి, ధర్మవరం బయల్దేరడానికి గేటు దగ్గర స్టార్టులో ఉంది. అక్కడ షావుకారు చీరల మూటలు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మేనేజరు బానెట్టు మీద చెయ్యి వేసి ఆపారు. "బండి దిగు. ఆ పంపు కంపెనీది. ఇప్పుడే విప్పి ఇచ్చెయ్యాలి."

ఓబులేసు దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"కంపెనీ యాడుండాదో చూపీ సామీ. ఆడికే పోయి ఇచ్చొస్తా."