సందు మొదట్లో తువ్వాల

మా గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే డ్రైవరన్న మొన్న ఆదివారం పోయాడు. కబురు వచ్చేసరికి నేను నార్సింగిలో టీ తాగుతున్నాను. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. అయినా తాగేశాను. టీ పారబోస్తే ఆయనకు కోపం.

మాదాపూర్ ఆఫీసులకు కుర్చీలూ బల్లలూ పంపే గోదాం మాది, ఆ నార్సింగిలోనే. నేను స్టోర్‌కీపర్‌ని. చదివింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ, కాబట్టి దారి తప్పితే ఓపిక పట్టండి. కోకాపేటలో జాగా చాలక మనుషుల్ని ఆకాశం దాకా పేర్చారు కదా, మాకు కుర్చీలతో అదే తిప్పలు వచ్చింది. గోదాం షాద్‌నగర్ వైపు మార్చేద్దామన్నారు మా యజమాని. మారితే నార్సింగి హమాలీలందరి పనీ పోయినట్టే. చంటిపిల్లల్ని వదిలి రోజూ అంత దూరం ఎవరు పోతారు?

మిగిలిన దారి ఒకటే. పాత ఫోర్క్‌లిఫ్ట్ బండి మలుపు తిరగడానికని ర్యాకుల మధ్య వెడల్పాటి బాటలు వదిలాం. వాటిని సన్నటి సందులు చేసి, మిగిలిన జాగాలో మరిన్ని ర్యాకులు నిలపాలి. బండి తిరగకుండా, సరుకెత్తే దాని ఫోర్కులే పక్కకు తిరిగే కొత్త ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చారు. దసరా దాకా చూస్తానన్నారు యజమాని. పని సాగితే ఇక్కడే, లేదంటే షాద్‌నగరే.

ఆ బండి దూరితే సందులో మనిషి తప్పుకునే చోటుండదు. కింది అరల్లోకి వంగి పనిచేసేవాళ్లు బండి మీదున్న డ్రైవరుకు కనబడరు. అందుకని డ్రైవరన్న ఒక పద్ధతి పెట్టాడు. లోపలికి నడిచి వెళ్లేవాళ్లు తమ తువ్వాలో చున్నీయో సందు మొదట్లో తగిలించి పోవాలి.

"గుడ్డ ఉన్నదంటె మనిషున్నట్టే. ఎవలు పెట్టిన్రో ఆళ్లే తియ్యాలె," అనేవాడు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం వాకిట్లో లారీ హారన్ కొడుతోంది. సందు మొదట్లో తువ్వాల వేలాడుతోంది. ఎంత పిలిచినా లోపలినుంచి పలుకు లేదు.

"ఎవరూ లేరండీ బాబూ! బండి పోనివ్వండి!" యజమాని అరిచారు.

"పలకకుంటె లేనట్టా సార్? జర ఆగుండ్రి." డ్రైవరన్న బండి ఆపేసి, తీరిగ్గా టీ తెప్పించుకున్నాడు.

తువ్వాల ఒక హమాలీ అమ్మాయిది. అన్నానికని ఇంటికి పోయింది. కబురు పంపితే ఎంగిలి చెయ్యి కడగకుండా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అన్నా, యాది మర్సిన!"

"నువ్వు ఇంటికాడ పైలంగ బువ్వ తింటున్నవ్. గింతకంటె ఏం గావాలె?" అన్నాడు, నవ్వుతూ.

లారీ ఆలస్యంగా కదిలింది. షాద్‌నగర్ ఖాయమని అందరం బిక్కచచ్చిపోయాం. మర్నాడు యజమాని ఏదో కుర్చీ చూడ్డానికి సందులోకి వెళ్లారు. వెళ్లేముందు జేబులోంచి ఇస్త్రీ చేసిన కర్చీఫు తీసి, మొదట్లో తగిలించారు. డ్రైవరన్న బండి ఆపి, మా వైపు చూసి కన్ను కొట్టాడు. గోదాం ఇక్కడే ఉండిపోయింది.

డ్రైవరన్న పోయిన మర్నాడు, సోమవారం పొద్దున, ఆయన సీటు మీది గళ్ల తువ్వాల ఆ అమ్మాయి తీసుకెళ్లి సందు మొదట్లో తగిలించింది. కొత్త డ్రైవరు వచ్చి చూసి, బండి ఆపి దిగాడు. వాకిట్లో లారీ హారన్ కొట్టింది. యజమాని బయటికి నడిచారు.

"కాస్త ఆగండి. లోపల మనిషి ఉన్నాడు."

హారన్ ఆగింది. వాకిలిగుండా వచ్చిన గాలికి తువ్వాల కొంచెం ఊగింది. తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.