బావ పెట్టిన ముద్ద, వలలో పడ్డ పిట్ట

ఆ రోజుల్లో అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి శనివారం గడవడమంత కష్టం ఇంకోటి ఉండేది కాదు. టీవీలో వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో మనకి తెలియదు, మనం ఎందుకు నవ్వడం లేదో వాళ్లకి అక్కర్లేదు. ఎనభైల మొదట్లో నేను ఫార్మింగ్టన్ హిల్స్‌లో అక్కా బావల ఇంట్లో ఉంటూ, ఒక కార్ల కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా ఇంటి వెనక చిన్న అడవిలాంటి తోపు ఉండేది. పక్కింటి పెద్దావిడ శనివారం తెల్లవారేసరికి ఆ తోపులో గుంజలకి సన్నటి వలలు కట్టి, చిన్న చిన్న పిట్టల్ని పట్టి, కాలికి నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి వదిలేసేది. వలసపోయే పిట్ట మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికట. ఊరికే కూర్చోలేక నేనూ వాలంటీరుగా చేరిపోయాను. పిట్టను గుడ్డసంచిలో వేసి తూచడం, పొట్ట మీద ఈకల్ని మెల్లగా ఊది కొవ్వు ఎంత పట్టిందో చూడడం నా పని. ఆవిడకి మా బావ పెట్టిన పేరు పిట్టల దొరసాని. నాకు పెట్టింది పిట్టల కంసాలి. "తెల్లారకుండా లేచి పిట్టల పొట్టలు ఊదే ఉద్యోగం. జీతం నిల్. వీసా వాళ్లకి తెలిస్తే నవ్విపోతారు మరదలా" అనేవాడు.

ఆ సెప్టెంబరులో బావ వాళ్ల నాన్నగారి ఏడాది తద్దినం శనివారం వచ్చింది. చుట్టుపక్కల పురోహితుడెవరూ దొరకలేదు. మన దేశంలో ఇంటి దగ్గర్నుంచి ఒకాయన మంత్రాలన్నీ చదివి క్యాసెట్‌లో పంపించాడు. బావ తడిపంచెతో టేప్ రికార్డర్ ముందు కూర్చుని "అయ్యా, కొంచెం మెల్లగా" అని దాన్ని బతిమాలుకుంటూ (అది వినిపించుకుంటేనా!) మొత్తానికి పూర్తి చేశాడు. పేపర్ ప్లేటులో ముద్ద పెట్టి, పెరట్లో గడ్డి మీద ఉంచి, కాకి కోసం నిలబడ్డాడు. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. అది రాలేదంటే పోయినవారికి ఏదో లోటు మిగిలిపోయిందని లెక్క. ఆ లోటేదో కనిపెట్టి, పైకి చెప్పి మాట ఇవ్వాలి.

తోపులో వలల దగ్గరున్న నాకు అన్నీ వినబడుతున్నాయి. "నాన్నా, సిగరెట్లు మానేస్తాను." కాకి రాలేదు. "తమ్ముడితో నేనే ముందు మాట్లాడతాను." రాలేదు. బావ గొంతు తగ్గించి "సరే నాన్నా, మీసం మళ్లీ పెంచేస్తాను" అన్నాడు. నాకు ముందు ఫక్కున నవ్వొచ్చింది. తరవాత మనసు చివుక్కుమంది. అమెరికా వచ్చిన కొత్తలో బావ మీసం తీసేసి ఫోటో పంపితే, "నేను బతికుండగానే మీసం తీసేశాడా" అని వాళ్ల నాన్నగారు కొడుకుతో మాట్లాడడం మానేశారు. ఆ కోపంతోనే పోయారు. బావకి కావలసింది కాకి కాదు, ఆ కోపం పోయిందన్న కబురు.

ఇంతలో దొరసాని వచ్చి, "హనీ, వలల పక్కన తిండి పెట్టొద్దని మీ బావకి చెప్పు. పిట్టలకి ఎర వేసినట్టవుతుంది" అంది. "తిండి కాదండీ, వాళ్ల నాన్నగారిని భోజనానికి పిలుస్తున్నాడు" అన్నాను. ఆవిడ ప్లేటు వంకా, ఖాళీగా ఉన్న పెరటి వంకా చూసి, "ఎప్పుడొస్తారు?" అని అడిగింది. "అదే తెలియడం లేదు" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో కాకి సంగతంతా చెప్పాక ఆవిడ టోపీ తీసేసింది. "అయ్యో, కాకులు మహా తెలివైనవి. ఈ వలల్ని చూస్తే దగ్గరికి రావు. పద, మడిచేద్దాం" అంది.

మొదటి వల దగ్గరికి వెళ్లామో లేదో, చెట్టు మీంచి నీలం రంగు బ్లూజే పిట్ట ఒకటి దిగి, ముద్దలో ఓ నోటెడు తీసుకుని, నేరుగా వచ్చి మా వలలో పడింది. ముక్కుకి ఇంకా మెతుకు అంటుకునే ఉంది. బావ పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు. "ఇది కాకి కాదు కదే!" అన్నాడు ఏడుపు గొంతుతో. నేను దొరసానిని అడిగి, పెద్ద పండితురాలిలా, "కాకి కుటుంబమే బావా. దాయాదులు" అన్నాను. "నిజంగానా?" "ఆవిడే చెప్పింది." దొరసాని రింగు తొడిగి, "మీరే వదలండి" అని పిట్టను ఆయన చేతిలో పెట్టింది. అది వెంటనే బొటనవేలు పట్టుకుని రక్తం వచ్చేలా పొడిచింది. "అబ్బా! నాన్నే. అనుమానమే లేదు" అని బావ నవ్వుతూ ఏడ్చేశాడు. పిడికిలి తెరిచాడు. పిట్ట కాస్త ఆగి, ఒక్కసారి అరిచి, ఎగిరిపోయింది.

లోపల్నుంచి అక్క "ఏవండీ, కాకి ముట్టిందా?" అని కేకేసింది. "ముట్టింది, కరిచింది కూడా! వడ్డించెయ్!" అన్నాడు బావ. దొరసాని కూడా మాతోపాటు కూర్చుని, గారెలు చేత్తో తుంచుకుని తింది.

ఆ పూట పక్షుల కుటుంబాల గురించి అంత ధీమాగా పాఠం చెప్పిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన తిథి నాడు పెరట్లో ముద్ద పెడతాను. వచ్చింది ఏ జాతో చూడను. కాస్త ఆలస్యమైతే మాత్రం, ఎవరూ వినకుండా, "నాన్నా, నా మీద కోపమా?" అని అడుగుతాను.