బాబాయ్ అని పిలిపించింది నేనే

ఇవాళ చెప్పేస్తున్నాను. వేళ్ళు ఒక అక్షరానికి ఇంకో అక్షరం కొడుతున్నాయి, అయినా ఆగను! దాదాపు నాలుగేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. ఆఫీసులో నవ్వాను, పండగలకి పట్టుచీర కట్టుకుని ఫొటోలు దిగాను, లోపల ఇది మాత్రం కదల్లేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం తేలిక. కాదు, తేలికేం కాదు. మొదలుపెట్టడం తేలిక, అంతే.

మేం షార్జాలో ఉంటాం, అల్ నహ్దాలో. షార్జాకి వారానికి మూడు రోజుల సెలవు కొత్తగా వచ్చిన రోజులవి. కరోనాకి ఫ్లాటుల్లో మగ్గిపోయిన పిల్లలు ఒక్కసారిగా బయటపడ్డారు. మా అమ్మాయిని మా పక్కనే, దుబాయ్ వైపున్న ఖుసైస్‌లో ఒక బ్యాడ్మింటన్ హాల్లో చేర్పించాం. పన్నెండేళ్ళు దానికి. అబ్బా, ఆ రోజులు! రాకెట్టుకి షటిల్ తగిలిన చప్పుడు వింటే చాలు, నాకు ఒళ్ళు పులకరించేది. గ్యాలరీలో అందరికంటే గట్టిగా అరిచేది నేనే. నా అరుపులకి సిగ్గుపడి మా అమ్మాయి తల దించుకునేది. అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపు పెట్టింది నేను, టోర్నమెంట్లకి పులిహోర కలిపి పట్టుకెళ్ళింది నేను. పెత్తనం నాది.

కోచ్ మనవాడు. మాది నెల్లూరు, ఆయనది ఒంగోలు వైపు. పరాయి దేశంలో తెలుగు మాట చెవిన పడితే మనం ఏమైపోతామో మీకు తెలుసు కదా. మొదటి మాటకి ఊరు అడుగుతాం, రెండో మాటకి వరస కలిపేస్తాం. నేనూ అదే చేశాను. పిల్లలు సర్, సర్ అంటుంటే, సర్ ఏమిటే, మనవాడు, బాబాయ్ అనండి అని నేర్పాను. మొదట ఆయనే మొహమాటపడ్డాడు. తర్వాత బాగా అలవాటుపడ్డాడు. బాబాయ్ అయ్యాక ఇళ్ళకి వచ్చి టిఫిన్ చేశాడు. బాబాయ్ అయ్యాక ఆడపిల్లలకి విడిగా మెసేజీలు పెట్టాడు, ఎవరమూ ఏమీ అనుకోలేదు. కోచ్ అయితే అడిగేవాళ్ళం. బాబాయ్‌ని ఏమని అడుగుతాం?

కార్‌లిఫ్ట్ పెట్టించింది కూడా నేనే. ఒకే దారిలో వెళ్ళేవాళ్ళు ఒక కార్లో సర్దుకుని వెళ్ళడాన్ని ఇక్కడ కార్‌లిఫ్ట్ అంటారు. సాయంత్రం దుబాయ్ నుంచి షార్జాకి వచ్చే ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మాలాంటివాళ్ళం పిల్లల్ని హాలుకి ఎక్కడ తిప్పగలం? బాబాయే తన కార్లో నలుగురు ఆడపిల్లల్ని తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపేవాడు.

ఆ నలుగురిలో ఒక పిల్ల ఉంది. పేరు మార్చి లాస్య అంటాను. కరీంనగర్ వాళ్ళు. పదమూడేళ్ళు. మా అమ్మాయికంటే బాగా ఆడేది. అందుకు నాకు లోపల కొంచెం కుళ్ళు. ఒప్పుకోవడానికే కూర్చున్నాను కదా, అది కూడా ఒప్పుకుంటాను. వాళ్ళ బిల్డింగు మా పక్కదే. మా అమ్మాయి దిగినప్పుడే ఆ పిల్లా దిగాలి. దిగేది కాదు. అందర్నీ దింపేశాక, చివర్న దింపేవాడు. ఎందుకని అడిగితే, టాలెంట్ ఉన్న పిల్ల, ఫుట్‌వర్క్ వీడియోలు చూపిస్తున్నాను అన్నాడు. ఆ పిల్లకి ఖరీదైన షూస్ కూడా కొనిచ్చాడు. ఎంత మంచి మనిషో అని గ్రూపులో దండం బొమ్మలు పెట్టింది ఎవరనుకున్నారు?

ఒక శుక్రవారం మధ్యాహ్నం లాస్య మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి దగ్గర తీసుకున్న పుస్తకం తిరిగిచ్చింది. ఇచ్చేసి గుమ్మంలోనే నిలబడింది. చెప్పులు వేసుకుంటుంది, విప్పుతుంది.

"ఆంటీ, నేను ఆయన్ని మళ్ళ సర్ అనే పిలుస్త. ఏం కాదు కదా?"

"ఏమ్మా, బాబాయ్ మీద అలిగావా?"

"లేదు ఆంటీ. మీరే బాబాయ్ అనుమన్నరు కదా. మీరే వద్దంటే ఆయన ఇంటడు."

"పిచ్చిదానా, సర్ అంటే ఆయన బాధపడడూ? వెళ్ళు, వెళ్ళి బాగా ఆడు."

నవ్వుతూ అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. సరే ఆంటీ అని వెళ్ళిపోయింది.

నాకు అర్థం కాలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల అంతకంటే ఎలా చెబుతుందిలే, నేను మాత్రం ఎలా గ్రహిస్తాను అనుకున్నాను. అబద్ధం! నాకు అర్థమైంది. తలుపు వేసేలోపే అర్థమైంది. ఎలా చెప్పగలనంటే, ఆ సాయంత్రమే మా అమ్మాయిని ఆ కార్లోంచి దించేశాను. కడుపునొప్పి అని మొదటి రోజు, మా ఆయన డ్యూటీ టైము మారింది అని రెండో రోజు. ఆ తర్వాత నేనే ఆఫీసులో బతిమాలుకుని ఒక గంట ముందు బయటపడి దాన్ని తిప్పాను. మిగతా ముగ్గురూ ఆ కార్లోనే వెళ్ళారు. లాస్య చివర్నే దిగింది. నేను బాల్కనీలోంచి చూశాను. చూసి లోపలికి వచ్చి కూర తరుక్కున్నాను.

ఎందుకు నోరు విప్పలేదు? అంత పెద్ద నోరు కదా నాది! నా ఊహ తప్పయితే ఒక మనిషి ఉద్యోగం, వీసా రెండూ పోతాయి అనుకున్నాను. పాపం అనుకున్నాను. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. అసలు సంగతి అది కాదు. టీమ్ లిస్టు ఆయన చేతిలో ఉంది. పై నెలలో సెలెక్షన్. ఆయనతో గొడవైతే మా అమ్మాయి పేరు ఉండదు. అంతే. ఒక జెర్సీ కోసం! పేరు వచ్చింది. స్వీట్లు పంచాను.

కొన్నాళ్ళకి లాస్య ఆట మానేసింది. తర్వాత కరీంనగర్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. చదువు ఒత్తిడి అన్నారు. ఏడాది గడిచాక వాళ్ళమ్మ ఒకరోజు నన్ను లులూ సూపర్‌మార్కెట్ ముందు ఆపి, పిల్ల అక్కడికెళ్ళాక కొన్ని సంగతులు చెప్పిందనీ, కోచ్ గురించి నాకేమైనా తెలుసా అనీ అడిగింది. నేను ఒక్కమాట చెబితే ఫిర్యాదు పెడదామని వచ్చిందావిడ. అయ్యో, మాకేం తెలుసు వదినా అన్నాను. ఆవిడ ఇంక ఎవర్నీ అడగలేదు. ఆయన హాలు మారాడు.

మరి ఇవాళే ఎందుకు అంటారా? పొద్దున మా బిల్డింగు గ్రూపులో మెసేజ్ వచ్చింది. నహ్దా నుంచి అజ్మాన్‌కి బ్యాడ్మింటన్ కార్‌లిఫ్ట్, కోచ్ మనవాడే, పిల్లలు బాబాయ్ అంటారు, ఇంట్లో మనిషిలా చూసుకుంటాడు. కింద ఫొటో. ఆయన, చుట్టూ ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు. టీ కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత ఏమైందో, ఒక్క ఊపు వచ్చేసింది! ఆ కార్లో పిల్లల్ని ఎక్కించకండి అని టైప్ చేసి పంపేశాను. లాస్య ఊసు ఎత్తలేదు, అది నేను చెప్పాల్సింది కాదు. ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగానికి నేనే ఫోన్ చేశాను. హిందీలో మాట్లాడే అమ్మాయి ఎత్తింది. నా కంటపడినవన్నీ చెప్పాను, నా పేరూ ఎమిరేట్స్ ఐడీ నంబరూ చెప్పాను. గొంతు కీచుగా వచ్చింది, పరుగెత్తి వచ్చినదానిలా ఆయాసపడ్డాను. ఎన్నేళ్ళుగానో నాకు ఇంత ప్రాణం లేచిరాలేదు, నిజం. సిగ్గుపడాల్సిన చోట ఈ ఉత్సాహం ఏమిటని కూడా అనిపించింది.

తర్వాత లాస్య వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. చివర్న అడిగింది.

"నీ బిడ్డను ఏనాడు దించుకున్నవ్?"

"లాస్య మా ఇంటికి వచ్చిన రోజే."

"నా బిడ్డ గా కార్లనే ఉండె కదా?"

"ఉంది. తెలిసే వదిలేశాను."

ఫోన్ పెట్టేసింది. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఫోను వంటింటి గట్టు మీద పెట్టాను. తెలిసే వదిలేశాను అన్న మాట నా నోట్లోంచి పైకి రావడం ఇదే మొదటిసారి. మళ్ళీ ఒకసారి అన్నాను, ఈసారి ఇంకా గట్టిగా. హాల్లో టీవీ ఆగిపోయింది. మా అమ్మాయి విన్నది.

విననీ.